మా వదిన ఆదివారాలు

మా వదిన పోయిందన్న మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం పత్తర్‌గట్టిలో నేను పనిచేసే బట్టల దుకాణంలో ఉన్నాను. పెళ్లి చీరల కోసం వచ్చిన తల్లీకూతుళ్లకు చీరలు విప్పి చూపిస్తున్నాను. మా అన్న ఫోన్ చేశాడు. "దవాఖానకు రాకు. సీదా ఇంటికే పో," అన్నాడు. నేను సరేనన్నాను. ఫోన్ పక్కన పెట్టి, విప్పిన చీరలన్నీ ఒక్కొక్కటే మడత పెట్టాను. ఏమైందని ఆ తల్లి అడిగితే, "మా వదిన చనిపోయింది," అన్నాను. ఆ మాట మొదట నా నోటి నుంచే విన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కళ్లలో తిరగలేదు.

నెల దాటింది. ఇంకా తిరగలేదు. పొద్దున లేస్తున్నాను, దుకాణానికి పోతున్నాను, పెట్టింది తింటున్నాను. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో అమ్మ అడిగితే చెప్పలేకపోతున్నాను. ఇది రాస్తే ఏమన్నా మారుతుందని కాదు. వదిన గురించి బయట ఒక మాట తిరుగుతోంది. అదొక్కటే ఆమె కథగా మిగిలిపోకూడదని రాస్తున్నాను.

మా వదిన సిటీ బస్సులో కండక్టర్. ఆదివారాలు రగ్బీ ఆడేది. రగ్బీ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలంటే, కోడిగుడ్డు ఆకారంలో పెద్ద బంతి ఉంటుంది. దాన్ని పట్టుకుని ఎదుటివాళ్ల గీత దాటాలి. పరుగెత్తేవాళ్లను అవతలివాళ్లు నడుము పట్టి కింద పడేస్తారు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, వెనకున్నవాళ్లకే ఇవ్వాలి. నాకు తెలిసింది ఇంతే. మా ఇంట్లో మిగతావాళ్లకు ఇంత కూడా తెలియదు.

బడిలో ఉన్నప్పుడు వదిన లావుగా ఉండేదట. ఖోఖోకి వద్దన్నారు, పరుగుపందానికి వద్దన్నారు. కాలేజీలో ఆటల మేడం ఆమెను పైనుంచి కిందికి చూసి, నీలాంటిదాని కోసమే వెతుకుతున్నానందట. ఆ సంగతి వదిన ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా చెప్పినట్టే చెప్పేది.

మాది జహనుమాలో పాడి ఇల్లు. ఇంటి వెనకే కొట్టం, అందులో బర్రెలు. వదినవాళ్లది మొఘల్‌పురా. వాళ్ల నాన్న లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పిల్లను చూడటానికి మేం వెళ్లినప్పుడు, ఏమన్నా అడగాలా అమ్మా అని మా అమ్మే ఆమెను అడిగింది. వదిన తల ఎత్తి, "ఆదివారం పొద్దుగాల నేను ఆటకు పోత. పెండ్లైనంక గూడ పోత. గదొక్కటి ఒప్పుకోండ్రి, మిగతాది మీ ఇష్టం," అంది. అమ్మ షటిల్ అనుకుంది. ఏ ఆట అని ఎవరూ అడగలేదు.

పెళ్లైన మొదటి ఆదివారం మోచేతులు చెక్కుకుపోయి, జుట్టు నిండా మట్టితో వచ్చిన కోడలిని చూసి, బస్సులోంచి పడిందనుకుంది అమ్మ. ఆట గురించి తెలిశాక రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, పాలు పితకడం వచ్చా అని అడిగింది. వదిన చేతులు గట్టివి. బర్రెలు ఆమెకు తొందరగానే అలవాటు పడ్డాయి.

ఆమె బస్సు నేను రెండు మూడుసార్లు ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా పోయాక ఆ బస్సుల్లో కాలు పెట్టే చోటుండేది కాదు. వదిన తల కొంచెం పక్కకు వంచి, భుజం ముందుకు పెట్టి, ఆ గుంపులోకి వెళ్లి అవతలివైపు తేలేది. ఎవరినీ నొప్పించేది కాదు. ఎట్లా వదినా అంటే, మనుషుల మధ్య సందు ఎప్పుడూ ఉంటదని, అది కాళ్ల దగ్గర వెతకాలని చెప్పింది.

ఒక ఆదివారం ఆమె కన్ను వాచిపోయి వచ్చింది. రెండో రోజుకు నల్లబడింది. పొద్దున పాలకు వచ్చే ఆడవాళ్లు ఆమె ముఖం చూసి, మా అన్న ముఖం చూసి, గిన్నెలు పట్టుకుని మాట్లాడకుండా వెళ్లిపోయారు. మా అన్న మనుషులతో కన్నా బర్రెలతో ఎక్కువ మాట్లాడే రకం. ఎవరూ ఏమీ అడగకపోయేసరికి ఏం చెప్పాలో తెలియక కొట్టంలోనే ఉండిపోయాడు. సాయంత్రానికి కబురు మొఘల్‌పురాకు చేరింది. వదినవాళ్ల నాన్న వచ్చాడు. అమ్మ ఇచ్చిన చాయ్ ముట్టలేదు.

"మా పిల్ల మీద చెయ్యి లేసిందా?" అని అన్నను అడిగాడు.

"లేదు మామా," అన్నాడు అన్న.

వదిన లోపలినుంచి వచ్చి, ఎదుటి జట్టు అమ్మాయి మోచేయి తగిలిందని, ఆటలో ఇది మామూలేనని చెప్పింది. ఆయన ఆమె కన్ను వైపు చూశాడు.

"దెబ్బ తిన్న ఆడపిల్లలందరు గిట్లనే చెప్తరు బిడ్డా," అన్నాడు.

వచ్చే ఆదివారం అందరూ గ్రౌండ్‌కు రావాలంది వదిన.

వెళ్లాం. గడ్డి లేని మైదానం. ఆట మొదలయ్యే ముందు అమ్మాయిలంతా వరసగా నిలబడి, వంగి రాళ్లు, గాజుపెంకులు ఏరుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. వదినవాళ్ల నాన్న కూడా చెప్పులు విడిచి వాళ్లతో పాటు వంగాడు. ఆట మొదలైంది. వదిన బంతితో పరుగెత్తగానే ముగ్గురు మీద పడ్డారు. అమ్మ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "లేసిందా?" అని నన్ను అడిగింది. లేచిందన్నాను. మళ్లీ పడింది. "లేసిందా?" లేచిందన్నాను. ఆ పూటంతా నాకదే పని. అమ్మ ఆటను చూడలేదు, నా జవాబులు విన్నది.

మూడోసారో నాలుగోసారో వదిన లేవడం ఆలస్యమైంది. వాళ్ల నాన్న గీత దాటి మైదానం మధ్యకు నడిచిపోయాడు. రిఫరీ విజిల్ వేసింది. మీద పడ్డవాళ్ల కుప్ప కిందినుంచి వదిన గొంతు వినబడింది. "బాపు, బయటికి పో. మా టీముకే నష్టమైతది."

ఇంటికొచ్చాక ఆయన రెండు చాయ్‌లు అడిగి తాగాడు. తప్పు మాట్లాడానని మా అన్న భుజం మీద చెయ్యి వేశాడు. అన్న తల ఊపి పాలు పితకడానికి వెళ్లాడు. మర్నాడు పాలకు వచ్చినవాళ్లందరికీ కన్ను సంగతి విడమరిచి చెప్పింది మాత్రం అమ్మే. తను కళ్లారా చూసినట్టు చెప్పింది.

ఇంకో ఆదివారం సంగతి చెప్పాలి. వదిన ఇంటినుంచి సల్వార్ వేసుకుని పోయి, గ్రౌండ్‌లో అది తీసేసి నిక్కరుతో ఆడేది. ఆ రోజు గోడ మీద పెట్టిన సల్వార్‌ను మేక నమిలేసింది. జట్టు కెప్టెన్ ఇల్లు పక్క గల్లీలోనే. కుట్టుపని చేసుకునే అమ్మాయి. వదినను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేది. ఇంట్లోంచి తన బురఖా ఒకటి తెచ్చి ఇచ్చింది. వదిన అది వేసుకుని, ముఖం కూడా కప్పుకుని ఇంటికొచ్చింది. గేటు దగ్గర అమ్మ ఉంది. "కౌన్ హోనా అమ్మా?" అని, ఎవరు కావాలో అడిగింది. వదిన గొంతు మార్చి అర లీటరు పాలు కావాలని ఉర్దూలోనే చెప్పింది. అమ్మ లోపలికి వెళ్లి పాలు పోసుకొచ్చింది. "పానీ తో నై మిలాయే, ఖాలా?" అంది వదిన. పాలల్లో నీళ్లు కలిపారా అంటే వచ్చినంత కోపం మా అమ్మకు తన తండ్రిని తిట్టినా రాదు. తిట్టడానికి నోరు తెరిచి, కిందికి చూసింది. బురఖా అంచు కింద మట్టి కొట్టుకున్న మేజోళ్లు కనిపించాయి. ఆ రాత్రి అన్నం తింటూ తింటూ అమ్మ తనలో తనే రెండుసార్లు నవ్వుకుంది.

అట్లాగని అమ్మ మారిపోయిందని రాయలేను. చివరిదాకా గొణిగేది. నొసటికి దెబ్బ తగిలి కుట్లు పడ్డ ఏడాది, బోనాల పొద్దున వదిన పట్టుచీర కట్టుకుని, నుదుటి మీద తెల్లటి పట్టీతో వచ్చి నిలబడింది. అమ్మ ఆ ముఖం చూసి, ఇంత పండుగ నాడు ఈ అవతారమేందని సణిగింది. సణుగుతూనే కుంకుమ వేలికి అద్దుకుని ఆ పట్టీ మీదే బొట్టు పెట్టింది. బోనం వదిన తలకెత్తింది. గుడిదాకా ఆమె మెడ కదలలేదు.

నాకు పడటం నేర్పింది వదినే. ఒకసారి నాకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. నేను వారం పాటు గదిలోనే ఉన్నాను. వదిన నన్ను కొట్టం వెనక గడ్డి మోపుల దగ్గరికి తీసుకెళ్లింది. గడ్డం ఛాతీకి ఆనించాలి, చెయ్యి నేలకు ఆనించొద్దు, భుజం మీదుగా దొర్లాలి. సాయంత్రం దాకా పడేసింది. మధ్యలో నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గడ్డి దులుపుతూ ఆమె ఒక మాట అంది.

"కిందపడుడు తప్పు కాదు పిల్లా. పడ్డంక గూడ బంతి పట్టుకోని ఉంటే, గప్పుడు తప్పు."

అది ఆటలో నియమమేనట. పడినవాళ్లు బంతి వదిలెయ్యాలి. ఆమె నాకు నియమమే చెప్పిందో, ఇంకేమన్నా చెప్పిందో నేను అడగలేదు.

వానాకాలం చివర్లో వదినకు ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. సోమవారం పొద్దున. ముందు రోజు మ్యాచ్ ఆడింది. సోమవారం ఆమెకు ఎప్పుడూ ఒళ్లు నొప్పే. ఆమె కూడా అట్లాగే అనుకుని డ్యూటీకి పోయింది. మర్నాడూ పోయింది. అమ్మ వేడినీళ్లు కాచి పెట్టింది, నేను వీపుకు నూనె రాశాను. ఒళ్లు వేడిగా ఉందంటే, ఎండలో ఆడానంది. బస్సులో నిలబడలేక కూలబడ్డాక దవాఖానకు తీసుకెళ్లాం. డెంగీ అన్నారు. డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. నేను ఆమెను చివరిసారి చూసినప్పుడు, తన డ్యూటీ ఎవరు చేస్తున్నారని అడిగింది. నాకు తెలియదన్నాను.

ఇంటికి తెచ్చిన రోజు జట్టు అమ్మాయిలంతా వచ్చారు. శవం దగ్గర ఎట్లా కూర్చోవాలో, ఏడవాలో వద్దో వాళ్లకు తెలియలేదు. కొట్టం గోడ పక్కన వరసగా నిలబడ్డారు. బర్రెలు అరుస్తున్నాయి. పొద్దున్నుంచి వాటిని ఎవరూ చూడలేదు. కెప్టెన్ నా దగ్గరికొచ్చి గడ్డి ఎక్కడుంటుందని మెల్లగా అడిగింది. చూపించాను. వాళ్లంతా మోపులు ఎత్తుకెళ్లి వేశారు, పేడ ఎత్తారు, తొట్టి నింపారు. పాడె లేచేదాకా ఆ అమ్మాయిలు పని చేస్తూనే ఉన్నారు. ఆ రోజు గురించి నాకు సరిగ్గా గుర్తున్నది అదొక్కటే. మిగతాది ఎవరో చెప్తే విన్నట్టు ఉంది.

బయట తిరిగే మాట అప్పుడే మొదలైంది. మొదట మా పెద్దమ్మ అంది. ఆ తర్వాత పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒక రూపంలో అన్నారు. పెళ్లైన ఆడది మీద పడి మీద పడి ఆడితే ఇంకేమైతది, లోపల ఏ దెబ్బ తగిలిందో, ఆ ఆటే మింగింది. డెంగీ అని చెప్పినా తలలూపి, మళ్లీ ఆట దగ్గరికే వచ్చేవాళ్లు. అన్న లేచి వెళ్లిపోయేవాడు. నాకు జవాబు చెప్పాలని కూడా అనిపించేది కాదు.

పదో రోజు గది నిండా చుట్టాలున్నారు. పెద్దమ్మ మళ్లీ ఆ మాటెత్తి, నువ్వు మొదట్లోనే కట్టడి చెయ్యాల్సింది అని అమ్మతో అంది. అమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"జ్వరమొచ్చి పోయింది అక్కా," అంది. "ఒళ్లునొప్పులంటే ఆటవే అనుకున్నం. అనుకున్నది మేము. తప్పు ఆటది గాదు. దానికి అంటగట్టకుండ్రి."

గట్టిగా అనలేదు. వదినవాళ్ల నాన్న వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చాలాసేపు తువ్వాలు తియ్యలేదు.

కిందటి వారం అమ్మ, నేను వదిన సామాన్లు సర్దాం. చీరలు ఆమె చెల్లెలికి. ఖాకీ జత అన్న తన దగ్గరే ఉంచుకుంటానన్నాడు. స్నానాల గది గూట్లో సబ్బుపెట్టె అంత చిన్న ప్లాస్టిక్ డబ్బా దొరికింది. మూత తీసి ఇదేందని అమ్మ అడిగింది. ఆడేటప్పుడు దెబ్బ తగలకుండా పళ్లకు పెట్టుకునే రబ్బరు తొడుగని చెప్పాను. మొదటిసారి దాన్ని వేడినీళ్లలో మెత్తబరిచి, నోట్లో పెట్టుకుని గట్టిగా కొరకాలి. కొరికినవాళ్ల పళ్ల అచ్చు దాని మీద పడిపోతుంది, మరొకరికి పనికిరాదు.

అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని వాకిట్లోకి వెళ్లింది. గడప మీద కూర్చుని వెలుతురుకు ఎత్తి చూసింది. పైవరస పళ్లన్నీ ఉన్నాయి. ఎడమవైపు కోరపన్ను దగ్గర, వదిన పన్నులాగే, అచ్చు కొంచెం పక్కకు తిరిగి ఉంది. అమ్మ బొటనవేలు అక్కడికి వెళ్లి ఆగింది.