లిఫ్టు మెకానిక్ మోకాలిచిప్ప

ఇరవై రెండేళ్లుగా ఆయన లిఫ్టులు బాగుచేసి బతికాడు. అన్నేళ్లూ మెట్లెక్కుతూనే ఉన్నాడు. నడుస్తున్న లిఫ్టుకు మెకానిక్‌ని ఎవరు పిలుస్తారు? మోటారు గది ఎప్పుడూ అన్నిటికన్నా పైనే ఉంటుంది. భుజాన పనిముట్ల సంచీ సరేసరి.

ఒకనాడు తొమ్మిదో అంతస్తు నుంచి దిగుతుంటే కుడి మోకాలిచిప్ప వెనక కలుక్కుమంది. ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ప్రాణం లాగేసేది.

"అరిగిపోయింది బావా, వయసు కదా!" అని బావమరిది చూడకుండానే తేల్చేశాడు.

"పొట్ట తగ్గించుకోమంటే విన్నారా?" అంది భార్య.

ఆయనకు రోషం వచ్చింది. మర్నాడే అటకమీది పాత బూట్లు దింపి, ఏకంగా ఐదు కిలోమీటర్లు పరుగు మొదలుపెట్టాడు. పదో రోజుకల్లా కుంటుతున్నాడు. పొట్ట మాత్రం చెక్కుచెదరలేదు.

కంపెనీ జాలిపడి, ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టింది. "ఇంక హాయిగా కూర్చో అన్నా" అన్నాడు సూపర్‌వైజరు. వారం తిరిగేసరికి కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. కష్టపడితే నొప్పి వచ్చిందంటే గౌరవంగానైనా ఉండేది, కూర్చున్నందుకు నొప్పేమిటి? సిగ్గేసి, చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

ఆవిడ కాలు వంచి, చాపి, చిప్పను అటూ ఇటూ కదిపి చూసింది.

"అరిగిందేమీ లేదండీ. తొడ కండరాల్లో బలం లేదు, అందుకే చిప్ప దారి తప్పి రుద్దుకుంటోంది. దానికితోడు మెట్లు, గచ్చుమీద మోకాళ్లేసి పని, ఉన్నట్టుండి పరుగు. గంటలకొద్దీ కాలు మడిచి కూర్చున్నా చిప్పమీద ఒత్తిడే. కొన్నాళ్లు మెట్లు మానేసి లిఫ్టు వాడండి."

ఆయన పడీపడీ నవ్వాడు. తను బాగుచేసేది లిఫ్టులేనని చెప్పాక ఆవిడా నవ్వాపుకోలేకపోయింది.

పరుగు ఆపేశాడు. పొద్దునా సాయంత్రం పడుకుని, కాలు నిటారుగా చాపి పైకెత్తి దించేవాడు. భార్య పక్కనే కూర్చుని లెక్కపెట్టేది. కావాలనే తప్పుగా లెక్కపెట్టి ఇంకో ఐదు ఎక్కువ చేయించేది. "ఇంత కాఠిన్యం ఏమిటే నీకు!" అని మూలిగేవాడు. మోకాళ్ల కింద వేసుకోవడానికి మందపాటి స్పాంజి ముక్క కూడా ఒకటి కుట్టి ఇచ్చింది.

మూడు నెలలకు నొప్పి దారికొచ్చింది. ఆయన మళ్లీ మెట్ల పనికి వెళ్లాడు. అయితే సంచీలో సగం కిందే వదిలి, ప్రతి మూడో అంతస్తులో ఆగి, తాపీగా ఎక్కేవాడు.

మొదటివారంలోనే ఫిర్యాదు వచ్చింది: "మీ మెకానిక్ ఆరో అంతస్తులో నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు."

సూపర్‌వైజరు అడిగితే, "నిజమేనండీ, అక్కణ్ణుంచి చెరువు భలే కనిపిస్తుంది" అన్నాడాయన.