ఏ మందు తాగిండు?

2023 ఆగస్టు. జనగామ జిల్లాలో, కొడకండ్ల అవతల ఒక చిన్న సర్కారు దవాఖానలో నేను స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పత్తికి పురుగుమందు కొట్టే కాలం. ఆ రెండు నెలలూ మా దవాఖానలో ఎవరి ఫోన్ మోగినా గుండె ఒకసారి జారుతుంది. అప్పటికి పన్నెండేళ్ల సర్వీసు ఉన్నా నాకు ఆ జారడం తగ్గలేదు.

ఆ రోజు పొద్దున పదకొండు కాకముందే ఫోన్ వచ్చింది. పద్మక్క. పక్క ఊరి రైతు లింగారెడ్డి భార్య.

"సిస్టరమ్మా, మా ఆయన మందు తాగిండు. మొకమంత ఎర్రగైంది, కక్కుతాండు. నాకు బుగులైతాంది."

"ఆటోల ఎక్కించుకోని బిరాన రా అక్కా," అని ఫోన్ పెట్టేశాను.

ఏ మందు అని అడగలేదు. జ్వరానికి వేసుకునేదీ మందే, గ్లాసులో పోసుకునేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే. నేను లంబాడీ తండాలో పుట్టినదాన్ని. మా ఇంటి భాషలో సారాను దారు అంటాం, అక్కడ ఈ తికమక లేదు. కానీ ఆగస్టు నెలలో ఒక రైతు భార్య ఏడుపు గొంతుతో "మందు తాగిండు" అంటే నా చెవికి ఒక్కటే అర్థం వినిపించింది. దానికి తోడు నాకు తొందర ఎక్కువ. మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది, ఎదుటివాళ్ల మాట సగం వినగానే లేచిపోతావని.

లింగారెడ్డి నాకు కొత్తవాడు కాదు. ఏళ్ల తరబడి తాగి, లివర్ పాడు చేసుకుని, ఐదు నెలల కింద మానేశాడు. మానినవాళ్లలో కొందరికి మనసు కుంగిపోతుంది. అందుకే నా భయం ఇంకా పెరిగింది. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్ తీసి పెట్టాను. పురుగుమందుకు విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ సిరంజిలోకి లాగి సిద్ధం చేసుకున్నాను.

ఆటో వచ్చింది. ఇద్దరు పట్టుకుని దింపారు. మనిషి రొప్పుతున్నాడు, ముఖమూ మెడా ఎర్రగా కందిపోయాయి. పల్స్ నూట నలభై. బీపీ ఎనభై కూడా సరిగా అందడం లేదు. నేను సిరంజి పట్టుకుని చేతి మీదికి వంగాను.

"ఆగండి సిస్టర్, కళ్లు చూశారా?" అంది డాక్టరమ్మ. గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన చిన్న వయసు డాక్టరు.

నేను చూడలేదు. పత్తికి కొట్టే ఆ మందులు తాగినవాళ్లకు కంటిపాపలు ఆవగింజంత అవుతాయి, నోట్లోంచి చొంగ కారుతుంది. ఈయనకు రెండూ లేవు. అట్రోపిన్ ఇస్తే గుండె వేగం ఇంకా పెరుగుతుంది. అప్పటికే నూట నలభై మీద కొట్టుకుంటున్న గుండె అది. సిరంజిని ట్రేలో పెట్టేశాను.

డాక్టరమ్మ ఆయన నోటి దగ్గరికి వంగి వాసన చూసింది. "ఎంత తాగారండీ?"

"తాగలే మేడం."

"వాసన వస్తోందండీ."

"తాగలే. నా పిల్లల మీద ఒట్టు."

నేను నమ్మలేదు. ఈ ఉద్యోగంలో పిల్లల మీద ఒట్లు చాలా విన్నాను. పైగా లక్షణాలన్నీ సరిపోయాయి. మానుకునేవాళ్లకు డైసల్ఫిరామ్ అని ఒక గోలీ ఇస్తారు. అది వేసుకుంటూ మద్యం ముడితే ఒళ్లు తిరగబడుతుంది: ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడదడలాడుతుంది, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది. జనగామలో డాక్టరు రాసిచ్చిన ఆ గోలీ ఈయన రోజూ మింగుతున్నాడని నాకు తెలుసు. కేస్ షీట్ మీద, అంటే రోగి వివరాలు రాసే కాగితం మీద, మద్యం తాగి వచ్చాడని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాను. బయటికి వెళ్లి పద్మక్కకు అదే చెప్పాను.

"పొద్దుగాల నా ముంగటనే గోలీ మింగిండు గదమ్మా. నన్ను గింత మోసం జేత్తడా?" తర్వాత తలుపు దగ్గరికి వచ్చి లోపల మంచం మీదున్న మనిషికి వినబడేట్టు అంది. "పిల్లల్ని తోల్కొని మానుకోటకు పోత, మా అమ్మగారింటికి. గీసారి పోతె మళ్ల రాను."

ఆయన ఆక్సిజన్ మాస్క్ తీయబోయాడు. నేను మళ్లీ పెట్టాను. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

కాళ్ల కింద దిండ్లు పెట్టి, రెండు చేతులకూ సెలైన్ ఎక్కించాం. బీపీ డెబ్బైకి దిగింది. అంబులెన్స్ రావడానికి ఇంకా అరగంట అన్నారు. ఆ అరగంట ఆయన నిలుస్తాడా లేదా అని నాకు నిజంగా భయం వేసింది. నిమిషానికోసారి బీపీ చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ అదే అంకె.

అప్పుడు పొద్దుటి ఫోన్ గుర్తొచ్చింది. మొగుడు మళ్లీ సీసా పట్టాడని తెలిస్తే పద్మక్క ముందు శాపనార్థాలు పెట్టాలి. ఫోన్‌లో ఆమె గొంతులో కోపం లేదు, ఉన్నది భయమే. నేను బయటికి పరిగెత్తాను.

"అక్కా, ఫోన్ల మందు తాగిండన్నవు. ఏ మందు?"

"గదే, మొగ్గల మందు. నేనే తాపిన."

"మొగ్గల మందేంది?"

ఆమె సంచీలోంచి చిన్న గోధుమరంగు సీసా తీసింది. భూపాలపల్లి ఇవతల చెల్పూర్ కరెంటు ప్లాంటు దగ్గర ఉండే వాళ్ల పెద్దమ్మ బిడ్డ తెచ్చి ఇచ్చిందట. చెట్ల లేత మొగ్గల రసం, లివర్ సాఫ్ చేస్తుంది, అంతా సహజం, కెమికల్ లేదు అని చెప్పి ఇచ్చిందట. "చెట్టు బలమంత మొగ్గలనే ఉంటదన్నదమ్మా. నాలుగొద్దులాయె తాపవట్టి. సుక్కలేసుడే. రోజు జర మొకం వేడెక్కుతుండె. లోపలి విషం బయటికి పోతాంది, మంచిదే అన్నది. నిన్న సుక్కలేసే గొట్టం పలిగింది. గందుకే ఇయ్యాల మూతతోని పోసిన. రెండు మూతలు."

సీసా డాక్టరమ్మ చేతిలో పెట్టాను. అట్ట మీద మొదట మొగ్గల పేర్లు, తర్వాత గ్లిజరిన్, చివర చీమ తలకాయంత అక్షరాల్లో ఆల్కహాల్. మొగ్గల్లోని సారం దిగాలంటే వాటిని అందులో నానబెడతారట. మామూలు మనిషికి ఆ రెండు మూతలు తెలియను కూడా తెలియవేమో. ఆ గోలీ మింగే మనిషి ఒంటికి మాత్రం ఆకైనా మొగ్గైనా సారాయైనా తేడా లేదు.

"ఆయన తాగలేదు," అని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. "మీరు ఇచ్చిన దాంట్లోనే ఉందమ్మా."

పద్మక్క గోడ పట్టుకుని కింద కూర్చుంది. "మంచిగ గావాలెననే తాపిన మేడం," అంది. నన్ను తిడితే బాగుండేది. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆమె ఇచ్చింది తెలియక. ఏ మందని అడగాలని తెలిసి కూడా అడగనిదాన్ని నేను.

అంబులెన్స్ వచ్చేసరికి బీపీ తొంభైకి ఎక్కింది. స్ట్రెచర్ మీదికి మారుస్తుంటే లింగారెడ్డి మాస్క్ పక్కకు జరిపాడు.

"సిస్టరమ్మా, గా కాయితం మీద ఏం రాసినవు?"

నేను కాగితాన్ని వెనక్కి దాచాను. ఆయనకు అర్థమైంది.

"కొట్టెయ్యవా. నా పిల్లలు సదువుకుంటాండ్రు. రేపు ఎన్నడన్న సూత్తె మా నాయిన మళ్ల తాగిండనుకుంటరు."

కేస్ షీట్‌లో రాసింది చెరపకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒకే గీత గీయాలి, కింది అక్షరాలు కనబడాలి, పక్కన సంతకం పెట్టాలి. అట్లాగే గీత గీశాను. కింద సరైనది ఇంగ్లీషులో రాసి, స్ట్రెచర్ పక్కన నిలబడి, పద్మక్క కూడా వినేట్టు తెలుగులో చదివాను: "రోగి మద్యం తాగలేదు. మొదటి నుంచీ అదే చెప్పాడు. మేము నమ్మలేదు."

చివరి మాట రూల్ ప్రకారం రాయనక్కర్లేదు. డాక్టరమ్మ చూసింది, కొట్టెయ్యమనలేదు. పద్మక్క అంబులెన్స్‌లో ఆయన పక్కన ఎక్కి చెయ్యి పట్టుకుంది.

మూడో రోజు లింగారెడ్డి జనగామ దవాఖాన నుంచి ఎవరి సాయమూ లేకుండా తిరిగొచ్చాడు. గోలీ మానలేదు, తాగననే మాట తప్పలేదు. పద్మక్క మాత్రం ఇప్పుడు దగ్గు సిరప్ కొన్నా, ఒంటినొప్పుల తైలం కొన్నా సీసా పట్టుకుని దవాఖానకు వస్తుంది. "ఇది ఏ మందు సిస్టరమ్మా?" అని అడుగుతుంది. ఆ సీసా తిప్పి చిన్న అక్షరాలు చదివేటప్పుడల్లా నాకు సిగ్గుగానే ఉంటుంది. ఆ రోజు ఫోన్‌లో నేను అడగాల్సిన మాట, ఆమె నన్ను అడుగుతోంది.