కాలవలు కట్టేసిన వేసవిలో అచ్చాయమ్మ

ముమ్మిడివరం దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, రొయ్యల చెరువుల మధ్య ఒక మంచినీటి చెరువు మిగిలి ఉంది. ఎనిమిదెకరాలు. పంటకాలవ నీటితో నిండుతుంది కాబట్టి దాన్లో ఇప్పటికీ బొచ్చెలు, శీలావతుల్లాంటి చేపలు బతుకుతున్నాయి. సొంతదారు ప్రభాకరరావు మూడేళ్ళ కిందట గట్టు మీద కొబ్బరిచెట్ల నీడలో సిమెంటు బల్లలు వేయించి, పిల్లలు జారిపడకుండా రేవుకు కంచె కట్టించి, కుటుంబాలతో వచ్చి గేలం వేసుకోవచ్చని బోర్డు పెట్టించాడు. ఆ చెరువును చూసుకునే మనిషి అచ్చాయమ్మ.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. ఇరవై ఎనిమిదో ఏట మస్కట్ వెళ్ళి, ఇరవై రెండేళ్ళపాటు ఎవరెవరి ఇళ్ళలోనో వండింది, తుడిచింది, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకు పెంచింది. తిరిగొచ్చేసరికి భర్త పోయి మూడేళ్ళయింది. ఆ తరవాత ఐదేళ్ళు రొయ్యల షెడ్డులో ఐసునీళ్ళలో చేతులు పెట్టి తలలు తీసింది. వేళ్ళు వంకర్లు పోయి ఇక ఆ పని చేతకాని రోజున, చెరువు దగ్గర మనిషి కావాలంటే వచ్చింది. గేలం వేయడం చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్నదే. అన్నేళ్ళు ఎడారిలో ఉండి వచ్చినా ఆ ఒక్కటీ మరిచిపోలేదు.

శివరాత్రి వెళ్ళి నీరు వెచ్చబడగానే జనం మొదలవుతారు. అప్పుడు బొచ్చెలు పైపైనే తిరుగుతాయి కాబట్టి నీటి మీద తేలే బెండును ఎరకు జానెడు ఎత్తులోనే కట్టాలి. ఉగాది దాటి ఎండ ముదిరితే చేప అడుక్కి పోతుంది, ఎరను లోతుకి దింపాలి. శీలావతికి తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన ముద్ద, జెల్లకి వానపాము. అరచేతికి మించని చేప పడితే నీళ్ళలో వదిలేయాలి. ఇవే మాటలు ఆదివారం పూట ముప్పైసార్లు చెప్పేది. పిల్లల చొక్కాలకు గుచ్చుకున్న గేలాలు తీసేది, కొబ్బరిమట్టలకు చిక్కుకున్న దారాలు విప్పేది. సాయంత్రానికి గొంతు ఉండేది కాదు. ఆదివారం అయితే సోమవారం విశ్రాంతి అనుకోవడానికి లేదు. బడులకు సెలవులిచ్చాక అన్ని రోజులూ ఆదివారాలే.

ఈ ఏడు ఏప్రిల్ మూడో వారంలో, మరమ్మతుల కోసం కాలవలు కట్టేశారు. వారం పది రోజుల్లో చెరువులో నీరు మోకాలెత్తు తగ్గిపోయింది. ఒక శనివారమంతా మబ్బు పట్టి, ఆకు కదలకుండా ఉక్కపోసింది. ఆదివారం తెల్లవారుతుండగా గేటు తాళం తీసిన అచ్చాయమ్మకు నీటి మీద చిటుకు చిటుకుమని చప్పుడు వినిపించింది. వాన పడుతోందేమోనని తలెత్తి చూసింది. వాన కాదు. చెరువు నిండా చేపలు నోళ్ళు పైకి పెట్టి తెరుస్తున్నాయి, మూస్తున్నాయి. నీటిలో గాలి అయిపోయింది.

ప్రభాకరరావు రాయవరంలో పెళ్ళిలో ఉన్నాడు. ఫోన్ చేసింది.

"చేపలు పైకి తేలిపోయాయండి. ఇవాళ ఎవర్నీ రానివ్వనండి."

"డీజిల్ ఇంజను వెయ్యండి, సర్దుకుంటాయి. దూరం నుంచి వచ్చేవాళ్ళని ఎలా పంపేస్తాం? పైనే ఉన్నాయంటే ఇంకా సుళువుగా పడతాయి కదా."

"ఊపిరాడనివి ఎర ముట్టవండి. జనం తొక్కితే అడుగు బురద లేచి, ఉన్నవి కూడా పోతాయి."

"చూడండి మీరు" అని పెట్టేశాడాయన. చూడమన్నది ఏమిటో చెప్పలేదు.

ఇంజను మోగింది కానీ నీరు ఎత్తలేదు. చెరువులోని గొట్టం నోటికి నాచు పట్టేసింది. చీర ఎగదోపుకుని రేవులోంచి దిగింది. బురదలో ఒక్కో కాలూ పీక్కుంటూ గొట్టం దాకా వెళ్ళి, వంగి, వంకరవేళ్ళతో నాచు లాగింది. కాళ్ళ చుట్టూ చేపలు తగులుతున్నా బెదిరి పారిపోవడం లేదు. ఆమెకు భయమేసింది అప్పుడే. ఇంజను చెరువు నీటినే ఎత్తి మళ్ళీ చెరువులోకి చిమ్మడం మొదలుపెట్టాక గట్టు వైపు మళ్ళింది. రెండు చేతులూ నేలకాన్చి పాకుతూ ఎక్కింది.

ఆ స్థితిలో ఉండగా జొన్నాడ నుంచి కారులో ఒక కుటుంబం వచ్చింది. మోహన్, భార్య అనురాధ, తొమ్మిదేళ్ళ కూతురు హారిక. పోయిన నెల ఒకసారి వచ్చి వెళ్ళినవాళ్ళే.

"ఇవాళ లేదండి" అంది అచ్చాయమ్మ, ఒళ్ళంతా బురదతో.

"అదేంటి పిన్నిగారూ, నాలుగింటికి లేచి వచ్చేం. అన్ని చేపలు కనబడుతుంటే లేదంటారేంటి?" అన్నాడు మోహన్.

"కనబడేది అందుకేనండి."

హారిక కంచె పట్టుకుని చాలాసేపు చూసింది. "మామ్మగారూ, అవెందుకలా నోరు తెరుస్తున్నాయి?"

"ఊపిరాడక, తల్లీ."

మోహన్ బయటికి తీసిన గేలం మళ్ళీ కారులో పెట్టేశాడు. అనురాధ కారులోంచి మంచినీళ్ళ సీసా తెచ్చి అచ్చాయమ్మ చేతికిచ్చింది. తాగడానికి కూర్చుంటే మళ్ళీ లేవగలనో లేదోనని నిలబడే తాగింది.

"ఈ ఇంజను చాలుతుందా?" అన్నాడు మోహన్.

చాలదని ఆమెకు తెలుసు. ఏం చాలుతుందో కూడా తెలుసు. పక్క గట్టు మీదే ఉన్నాయవి. పక్క చెరువు రైతు సత్యదుర్గారావు పది రోజుల కిందట రొయ్యలు పట్టేసిన చెరువు తాలూకు ఏరేటర్లు, నీటిని చిలికి గాలి ఎక్కించే చక్రాలు, నాలుగు ఖాళీగా ఒరిగి ఉన్నాయి.

కానీ ఆయనకూ ఆమెకూ ఏడాదిగా మాటల్లేవు. పోయిన వేసవిలో ఆయన తన రొయ్యల చెరువు ఉప్పునీరు ఈ చెరువుకు నీరు తెచ్చే పిల్లకాలవ, బోదెలోకి వదిలేశాడు. అచ్చాయమ్మ పంచాయతీలో అందరి ముందూ నిలబడి ఆ మాట చెప్పింది. ప్రభాకరరావు కూడా అంత గట్టిగా అనలేదు. పెద్దమనుషులు ఆయన చేత ఆ నీరు వదిలిన తూము పూడ్పించారు. ఆ రోజు నుంచి ఆయన ఆమెను చూస్తే మొహం తిప్పుకునేవాడు.

మోహన్ తోడొస్తానన్నాడు. "వద్దండి, నేనే అడగాలి" అని ఒక్కతే గట్టు చుట్టి వెళ్ళింది.

సత్యదుర్గారావు మోటారు షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. ఆమెను చూసీ చూడనట్టు నోరు పుక్కిలించి, మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, ఆ తువ్వాలు ఆరేశాడు. అంతసేపూ ఆమె నిలబడే ఉంది.

"ఏంటండి?" అన్నాడు చివరికి.

"చేపలు చచ్చిపోతన్నాయండి. ఆ ఖాళీగా ఉన్న ఏరేటర్లు రెండు ఇప్పించండి."

"ప్రభాకరరావుగారు అడగమన్నారా?"

"లేదండి. నేనే అడుగుతున్నాను."

"ఆ రోజు పంచాయతీలో నన్ను దొంగని చేసేరు కదా మీరు."

"మీరు ఉప్పునీళ్ళు వదిలేరు, నేను చెప్పేను. ఇవాళడిగినా అదే చెబుతానండి." ఆమె గొంతులో కోపం లేదు. కోపం తెచ్చుకునే ఓపిక లేదు. "అది వేరు, ఇది వేరండి. ఇస్తే ఇవ్వండి, లేదంటే వెళ్ళి ఇంజను దగ్గరుండాలి."

ఆయన ఆమె కాళ్ళ మీద ఎండుతున్న బురద వైపు చూశాడు. షెడ్డులో పనిచేసే సాలమోనును పిలిచి, "ఆ రెండూ పట్టికెళ్ళి దింపించు. వైరు మన మోటారు దగ్గర్నుంచే లాగు" అన్నాడు. తరవాత ఆమెతో, "దీంతో మనం కలిసిపోయేం అనుకోకండి" అన్నాడు.

"ఆయ్" అంది అచ్చాయమ్మ.

మోహన్ ప్యాంటు మడిచి సాలమోనుతోపాటు నీటిలోకి దిగాడు. ఏరేటర్లు తిరగడం మొదలయ్యేసరికి ఎనిమిదయింది. నీరు తెల్లగా చిమ్ముతుంటే చేపలు మెల్లగా ఆ నురుగు వైపు మళ్ళాయి. ఆ తరవాత వచ్చిన కార్లనూ ఆటోలనూ అనురాధే గేటు దగ్గర నిలబడి, విషయం చెప్పి వెనక్కి పంపింది. కొందరు విసుక్కున్నారు. ఒకాయన ఇంకెప్పుడూ రానని చెప్పి వెళ్ళాడు. పది దాటాక ఎండ వచ్చింది. పదకొండుకి నీటి మీద నోళ్ళు కనబడలేదు.

పోయినవి పోయాయి. పెద్ద బొచ్చెలే ఎక్కువ. డెబ్బై దాకా ఉంటాయి. పెద్దదానికే ముందు ఊపిరి తక్కువవుతుంది. మధ్యాహ్నం సాలమోను గొయ్యి తవ్వితే, అచ్చాయమ్మ ఒక్కొక్కదాన్నీ తట్టలో వేసి అందించింది. కొన్ని మూడేళ్ళ కిందట ఆమె చేతుల మీదుగా వేలెడంత ఉండగా వదిలినవి. ఏడుపు రాలేదు. తట్ట బరువు ఒక్కటే తెలిసింది.

సాయంత్రం ప్రభాకరరావు పెళ్ళిబట్టలతోనే వచ్చాడు. గొయ్యి చూశాడు, తిరుగుతున్న ఏరేటర్లు చూశాడు. అవి ఎవరివో అడగలేదు.

"కాలవ వదిలేదాకా గేటు తియ్యొద్దండి" అంది అచ్చాయమ్మ.

"సెలవులన్నీ అయిపోతాయి కదండీ. జనం ఇంకో చోటికి అలవాటు పడిపోతారు."

"పడనివ్వండి. ఇంకోటండి. తీసేక కూడా సోమవారాలు మూసేద్దాం. చెరువుకీ ఓ రోజుండాలి, నాకూ ఓ రోజుండాలి." తన కోసం ఏదైనా అడగడం ఆమెకు కొత్త. అడిగాక ఎటు చూడాలో తెలియక నీటి వైపు చూసింది.

ఆయన గొయ్యి దాకా నడిచి వెనక్కి వచ్చాడు. "అలాగే కానివ్వండి" అన్నాడు.

గేటు మూసి ఉన్న ఆ నలభై రోజులూ ఆమె పొద్దున్నే వచ్చి నీరు చూసి, ఎండెక్కకముందే చెల్లెలు భవానీదేవి ఇంటికి వెళ్ళిపోయేది. మొదటి వారం మధ్యాహ్నాలు పడుకుంటే ఎవరో పిలుస్తున్నట్టు ఉలిక్కిపడి లేచేది. ఎవరూ పిలిచేవారు కాదు. పని లేకపోతే హాయిగా ఉంటుందనుకుంది. ఇన్నాళ్ళ అలుపంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగి, అన్నం కలుపుకోవడానికి కూడా బద్ధకమేసేది.

సత్యదుర్గారావు మే నెలాఖరున ఏరేటర్లు తీయించుకున్నాడు. ఆమెతో మాట్లాడలేదు. కానీ మొహం తిప్పుకోవడం మానేశాడు.

జూన్ రెండో వారంలో కాలవ వదిలారు. ఎర్రనీరు బోదెలోంచి మూడు రోజులు పారింది. ఆదివారం గేటు తీస్తే తొమ్మిది కుటుంబాలే వచ్చాయి, ఇదివరకటిలో సగం కూడా కాదు. ప్రభాకరరావు మొహం చిన్నబుచ్చుకున్నాడు. అచ్చాయమ్మకు మాత్రం సాయంత్రానికి ఇంకా గొంతు మిగిలే ఉంది.

మర్నాడు సోమవారం. ఆమె ఎనిమిదింటిదాకా పడుకుంది. భవానీదేవి టీ పెట్టి తెచ్చి, ముట్టుకుని చూసింది జ్వరమేమోనని.

"ఒంట్లో బాగానే ఉందా అక్కా?"

"బాగానే ఉంది. ఇంకాసేపు పడుకుంటాను" అని అచ్చాయమ్మ గోడ వైపు తిరిగింది.