రెయిలింగ్ పట్టుకున్న మనిషి

కంప్యూటరుకి ఏసీ కావాలి గానీ మనిషికి ఫ్యాను చాలని అందరూ నమ్మిన కాలమది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను సివిల్ డిప్లమా పూర్తిచేసి, బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మందుల షాపు మేడమీద, ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో చేరాను. కంప్యూటరు పుణ్యాన నాకూ ఏసీ గది దక్కింది. మా యజమానిని స్కేలు సారు అనేవాళ్ళం (చొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలుండేది, ఎవరిదో పెళ్ళి భోజనంలో విస్తరి వెడల్పు కూడా కొలిచారని చెప్పుకునేవారు). కట్టబోయే ఇంటిని ముందే బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేరు అప్పుడే మా ఆఫీసులో అడుగుపెట్టింది. అందులో గోడలు లేపడం నాకు మంచినీళ్ళ ప్రాయం. మెట్ల రెయిలింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చుక్కలు కనిపించేవి. మెట్ల వాలుకీ రెయిలింగ్ వాలుకీ పొత్తు కుదిరేది కాదు. దాని కింద వరసగా నిలబెట్టే గుంజల్లో కొన్ని మెట్లలోకి దిగబడిపోయేవి, కొన్ని గాలిలో వేలాడేవి. అలాంటి నా నెత్తిన, పామర్రు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఇల్లు పడింది. ఆవిడని ఆఫీసులో అందరం పిన్నిగారనేవాళ్ళం.

పిన్నిగారు, రొయ్యల చెరువులు చేసే కొడుకుని వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చారు. ఆవిడ భర్త, బాబాయిగారు, ధనిష్ఠా పంచకంలో పోయారట. ఆ నక్షత్రాల్లో మనిషి పోతే ఆరు నెలలు ఇల్లు వదిలేయాలని పెద్దలు చెబితే, తాళం వేసి పక్క వీధిలో అద్దెకుంటున్నారు. గడువు దగ్గర పడింది. తన ఇంటికి తాను వెళ్ళిపోవాలని పిన్నిగారి ప్రాణం కొట్టుకుపోతోంది. కొడుకుది మరో గోల.

"మొక్కలకి నీళ్ళు పోద్దామని పెరట్లోకి వెళ్తే, లోపల మెట్ల మీద టక్కు టక్కుమని చప్పుడండీ! తాళం వేసిన ఇంట్లో! ఇల్లు అమ్మేసి అమ్మని బెజవాడ ఫ్లాటుకి తెచ్చేసుకుంటానంటే వినదు," అన్నాడాయన.

"మెట్లకి ఆ పాత రెయిలింగ్ తీసి కొత్తది పెడితే వస్తానన్నావు కదరా. ఆ మాట మీదుండు. ఫ్లాటులో నాకు ఊపిరాడదు," అన్నారు పిన్నిగారు. ఆవిడ మాట మెల్లగానే ఉంది గానీ, చేతిలో కొంగు చివర మాత్రం నలిగిపోతోంది. కొత్త రెయిలింగ్ బొమ్మ చూసి కొడుకు భయం పోతే ఇల్లు ఆవిడది, పోకపోతే బేరగాళ్ళది. అదీ సంగతి.

కొలతలకి సారు నన్ను పామర్రు పంపారు. పట్టపగలు. వాళ్ళింట్లో ఒక్కరూ గడప దాటలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "మేమిక్కడే గేటు దగ్గరుంటాం, భయం లేదమ్మా," అన్నారు. అప్పటిదాకా నిజంగానే లేదు. లోపల గాలి నిలవ వాసన వేస్తోంది. మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. నేను ఒక మెట్టెక్కితే, నా వెనక కింది మెట్టు టక్కుమంటోంది. మళ్ళీ ఎక్కితే మళ్ళీ టక్కు. ఆగాను. నేనాగాక కూడా ఒకసారి టక్కుమంది. మా అమ్మీ చిన్నప్పుడు నేర్పిన దువాలన్నీ, అన్నం ముందు చదివేదానితో సహా, ఒక్క ఊపిరిలో చదివేసి, కొలిచిందెంతో ఊహించిందెంతో తెలియకుండా రాసుకుని దిగాను. రెయిలింగంతా వేలు మందాన దుమ్ము. కింది మెట్టు దగ్గర మాత్రం అరచెయ్యంత మేర నున్నగా మెరుస్తోంది. నేనే చెయ్యి వేశానేమో, గుర్తులేదు.

"పాత కొయ్య ఎండి వదులైపోతుందమ్మాయ్. బరువు పడి లేచాక గుంజలు టక్కుమంటాయి. చదువుకున్నదానివి, నీకు కూడా భయమేమిటి?" అని స్కేలు సారు తీసిపారేశారు.

గుంజలు నా వల్ల కాక, సారు ఎక్కడినుంచో కొనుక్కొచ్చిన సీడీలోంచి తయారుగా ఉన్న రెయిలింగ్ బొమ్మ ఒకటి తెచ్చి మెట్లకి తగిలించాను. ఆ రోజుల్లో బొమ్మకి రంగూ వెలుగూ పట్టాలంటే, మనం అన్నం తిని వచ్చేదాకా కంప్యూటరు గిలగిల్లాడేది. నేను అన్నం డబ్బా కడుక్కుని వచ్చి చూద్దును కదా, మెట్ల మీద మనిషి! బూడిదరంగులో, ముఖం లేకుండా, అవతలి గుంజలు ఒంట్లోంచి కనిపిస్తూ, పై మెట్టు మీద నిలబడి రెయిలింగ్ పట్టుకుని ఉన్నాడు. డబ్బా చేతిలోంచి జారిపోయింది. వెంటనే చెరిపేశాను. సాయంత్రం రెయిలింగ్ ఎత్తు కాస్త మారిస్తే మళ్ళీ వచ్చాడు, అక్కడే, అలాగే.

మర్నాడు సారు (చదువుకున్నవారే, పాపం) మానిటరుకి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీశారు. విని మా అమ్మీ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి రెండో వైపు కట్టమంది. కట్టాను. ఆ మనిషి రెండింటినీ లెక్కచెయ్యలేదు.

చివరికి ఎలాగో చెరిపి పిన్నిగారినీ కొడుకునీ పిలిచాం. అంతా నచ్చింది. "రెయిలింగ్ ఇంకాస్త ఎత్తు పెట్టండి," అన్నాడు కొడుకు. నేను సారు వంక చూశాను. సారు నిమ్మకాయ వంక చూశారు. మార్చక తప్పలేదు. బొమ్మ పైనుంచి కిందికి గీతగీతగా తేలుతోంది. ముందు కప్పు. తరవాత ఒక తల. తరవాత భుజం. భుజం కింద రెయిలింగ్ మీద చెయ్యి. కొడుకు కుర్చీ వెనక్కి పడేలా లేచి, "చూశారా? నే చెప్పలా?" అని తలుపు దాకా వెళ్ళిపోయాడు. పిన్నిగారి ఇల్లు నా చేతుల మీదుగానే పోయిందనుకుని నాకు ఏడుపొచ్చేసింది.

పిన్నిగారు కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు. తెరకి బాగా దగ్గరగా వంగి చాలాసేపు చూశారు.

"తప్పు చోట నిలబెట్టావమ్మా," అన్నారు.

"అయ్యో, నేను పెట్టలేదండీ..."

"ఆయనకి మోకాళ్ళ నెప్పులు. అంత పైకి ఎక్కలేరు. కింది మెట్టు దగ్గరే చెయ్యి వేసి నిలబడి, 'కాఫీ కిందకి పట్రా' అని కేకేసేవారు. కాస్త దించు."

నున్నగా మెరిసిన ఆ అరచేతి మేర గుర్తొచ్చింది. ఆ మనిషిని మౌసుతో పట్టుకుని మెట్టుమెట్టుగా దించాను. "నెమ్మదిగా, నెమ్మదిగా," అంటున్నారావిడ. అడుగున ఆపాక, "ఊఁ, అక్కడ," అని కొడుకు వైపు తిరిగారు. "ఉంటే మీ నాన్న అక్కడుంటారు. మేడ ఎక్కలేని మనిషికి భయపడతావేరా? నువ్వు మేడ మీద పడుకో. కింద నేనుంటాను."

కొడుకు తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చి, "సరే గానీ, ఎత్తు మాత్రం ఇంతే ఉంచండి," అన్నాడు.

రెయిలింగ్ ఎత్తు తెలియడానికని సీడీ చేసినవాళ్ళే ఒక మనిషిని దానికి అతికించి పెట్టారనీ, రెయిలింగ్ ముట్టుకున్నప్పుడల్లా వాడు కూడా తిరిగొస్తాడనీ నాకు ఎంతో కాలానికి గానీ తెలియలేదు. అప్పుడే తెలిసి ఉంటే గొప్ప కోసం పిన్నిగారికి చెప్పేసేదాన్నే. తెలియకపోవడమే మంచిదైంది.

కొత్త రెయిలింగ్ బిగించాక శాంతి చేయించి ఇల్లు తెరిచారు. నన్నూ పిలిచారు. పిన్నిగారు పసుపు రాసిన గడప దాటి నేరుగా మెట్ల దగ్గరికి నడిచారు. ఒక్క గుంజ కూడా టక్కుమనలేదు. కింది మెట్టు ముందు ఆగి, ఎవరూ లేని చోటు వైపు చూసి, "కాస్త జరగండి, పైన దీపం పెట్టొస్తాను," అన్నారు, రోజూ అనే మాటలాగే. ఒక్క క్షణం ఆగి ఎక్కారు. పైకి వెళ్ళాక మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం కనిపించింది.

ఆవిడ వెనకే నేనూ బయల్దేరాను. కింది మెట్టు దగ్గరికి వచ్చేసరికి నా కాళ్ళు వాటంతటవే గోడవైపు ఒదిగాయి. "నమస్కారం బాబాయిగారూ," అనేశాను, పైకే. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయి, వారం రోజులు ఆ సిగ్గు వదల్లేదు. ఇప్పుడు అప్పటి నన్ను, ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. పిరికిదేగానీ, పెద్దవాళ్ళు ఎదురైతే పలకరించకుండా మాత్రం పోలేదు.