నూట ముప్ఫై గజాల నైన్ ఐరన్

భుజానికి ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు, మా ఆయన మళ్ళీ గోల్ఫ్ ఆడొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కువసేపు స్టీరింగ్ పట్టుకోలేరు కాబట్టి ప్రాక్టీస్ మైదానానికి తీసుకెళ్ళే పని నాదయింది. వారమంతా ఆఫీసు, ఇల్లు. శనివారం పొద్దున్న కూడా అలారమే. ఆయన ప్రాక్టీస్ చేస్తుంటే వెనక బెంచీ మీద కునికిపాట్లు పడేదాన్ని.

ఆయన చేతిలో ఎప్పుడూ నైన్ ఐరన్. బంతిని ఎత్తుగా లేపి దగ్గర్లో దించే పొట్టి క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర అది. ఇదివరకు దాంతో నూట ముప్ఫై గజాలు కొట్టేవారు. ఇప్పుడు బంతి వంద గజాల బోర్డుకి ఇవతలే పడుతోంది. పక్కన హైస్కూల్ పిల్ల అదే క్లబ్బుతో బోర్డు దాటిస్తుంటే మొహం తిప్పుకున్నారు.

"నువ్వూ ఒకటి కొట్టు" అన్నారు.

కొట్టాను. బంతి దొర్లుకుంటూ పోయి నలభై దగ్గర ఆగింది.

"చూశారా, మీరు నాకు రెట్టింపు."

ఆయన నవ్వలేదు.

తర్వాతి నెల ఆయన స్నేహితులిద్దరితో గోల్ఫ్ కోర్సుకి వెళ్ళాం. ఒకచోట, బంతి పడాల్సిన గుంత దగ్గరి జెండాకి ముందు పెద్ద మడుగు. స్నేహితులిద్దరూ నైన్ ఐరన్‌తో దాటించారు. ఆయనా అదే తీశారు. బంతి నీళ్ళలో పడింది. రెండోదీ అంతే.

"సెవెన్ ఐరన్ తీసుకోండి, ఇంకా దూరం పోతుంది కదా" అన్నాను కార్ట్‌లోంచి.

"ఇంత దగ్గరికి సెవెనా? నవ్వుతారు."

"ఎవరూ చూడట్లేదండీ. నాకు ఓపిక లేదు. దాటించండి, వెళ్దాం."

స్నేహితుల వైపు ఓసారి చూశారు. తర్వాత సెవెన్ తీశారు. బంతి మడుగు దాటి అవతలి గట్టున పడింది. "నైస్ షాట్ అన్నా!" అన్నాడు ఒకతను ఫోన్‌లోంచి తలెత్తి. ఏ క్లబ్బని అడగలేదు.

తిరిగి షాంటిలీలో మా ఇంటికి వస్తుంటే కార్లో అన్నారు: "ఇక ఇంతేనేమో."

"ఇంకా టైం పడుతుందని ఫిజియో వాళ్ళు చెప్పారుగా."

"భుజం ఒక్కటే అయితే పర్లేదు. వయసు కూడానూ."

నా నడుమూ పొద్దుట్నుంచి లాగేస్తూనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగి చూస్తే, అద్దానికి తల ఆనించి నిద్రపోతున్నారు. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా పచ్చలైటు వెలిగిన సంగతి నేనూ గమనించలేదు.