అంచులో నేసిన చిరునామా

ఆ రోజుల్లో నాకు రానిది ఏదీ లేదని నేనూ, నాకు వచ్చింది ఏమిటో తెలియక మా ఇంటివాళ్ళూ చాలా సంతోషంగా ఉండేవాళ్ళం. వేలూరులో ఇంజనీరింగ్ ముగించి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చేలోగా, గుడియాత్తంలో లుంగీలు నేయించే మా మేనమామకు ఒక వెబ్‌సైటు తయారుచేసి పెట్టాను. సైటు పేరు ఆయనచేత కొనిపించి, సైటును ఊరికే చోటిచ్చే ఒక క్లౌడులో ఉంచాను. ముందు మూడు డబ్ల్యూలు, ఒక చుక్క పెట్టి పేరు కొడితే చక్కగా తెరుచుకునేది. ఒట్టి పేరు కొడితే తెల్ల పేజీ. (అలా ఎవరు కొడతారులే అనుకున్నాను. ఇంజనీర్లు ఇలాగే అనుకుంటారు.)

వేలూరులో చేనేత ప్రదర్శన రేపనగా మామ నన్ను పిలిచి, అరవై లుంగీలు ముందర పరిచాడు. ప్రతి అంచులోనూ ఎర్ర దారంతో సైటు పేరు నేసి ఉంది. ఒట్టి పేరు.

"మామా, మూడు డబ్ల్యూలు యాడ?"

"ఒకే పువ్వు మూడుసార్లు పక్కపక్కనే వేస్తే అదీ ఒక అంచేనా అల్లుడా? చూసినోళ్ళు నవ్వుతారని తీసేసినా."

"అవి లేకుంటే సైటు తెరుచుకోదు మామా."

"ఎన్నప్పా ఇది! నెల దినాలు నేసినాము. విప్పి మళ్ళా అల్లేదానికి ఇదేమన్నా జడా? రేపు వచ్చినోళ్ళు ఫోన్లో కొట్టి చూస్తే నా మొగం యాడ పెట్టుకునేది?"

లోపలినుంచి అత్త సాయం వచ్చింది. "నాలుగేండ్లు చదివినాడు కదా, మూడు అక్షరాలు తీసేదానికి ఏం కష్టం?"

క్లౌడువాడు ఒట్టి పేరుకు డబ్బు కట్టమన్నాడు. మామ వద్దన్నాడు. మగ్గం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని, ఇంటర్నెట్లో ఎక్కడెక్కడివో అంకెలు తెచ్చి సైటు సెట్టింగుల్లో ఎక్కడెక్కడో నింపాను. గంటలో డబ్ల్యూలున్న పేరు కూడా తెరుచుకోవడం మానేసింది. "సరి, ఇప్పుడు రెండు వాకిళ్ళూ మూసినావు" అన్నాడు మామ. అన్నీ మళ్ళీ యథాస్థానంలో పెడుతుండగా, పేరు కొన్నచోటే, మొదటి పేజీలోనే, 'ఫార్వర్డింగ్' అని ఒక గడి కనిపించింది. ఒట్టి పేరుకు వచ్చినవాళ్ళను డబ్ల్యూలున్న పేరుకు పంపిస్తుందట. ఊరికేనట. నింపాను. కాఫీ వచ్చేసరికి మామ ఫోన్లో సైటు తెరుచుకుంది.

"అంటే నా అంచులో తప్పు లేదు."

"లేదు మామా."

"మరి తప్పు ఎవురిది?"

నేను కాఫీ తాగాను.

ఇప్పుడు ఇలాంటి పనులకే జీతం తీసుకుంటున్నాను. ఆ మధ్యాహ్నం పనిని ఇప్పుడు నలుగురం కలిసి వారం రోజులు చేసి, చివర్లో ఒకరినొకరు మెచ్చుకుంటాం. తప్పు ఎవురిదని ఒక్కరూ అడగరు. అడిగేవాళ్ళుంటే, ఈసారి కాఫీ పక్కనపెట్టి చెబుదును.