రొద ఆగితే తలెత్తిన పాప

మండపేటలో మా ఇల్లు రైస్‌మిల్లు ప్రహరీకి ఆనుకునే ఉంటుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ రొదకి తలనొప్పి వచ్చేది. తర్వాత పట్టించుకోవడం మానేశాను. ఎనిమిదో నెల వచ్చినా పిలిస్తే మా పాప తల తిప్పకపోయేసరికి, మళ్లీ రోజంతా ఆ రొదే వినపడసాగింది.

మా అత్తయ్యగారు పాప వెనక నిలబడి స్టీలు కంచం మీద గరిటెతో కొట్టి చూశారు. పాప కాలివేళ్లతో ఆడుకుంటూనే ఉంది.

"మావాడూ అంతేనమ్మా, ఇప్పటికీ పిలిస్తే పలకడు," అన్నారు. నాకు నవ్వు రాలేదు. రాజమండ్రిలో చెవి డాక్టరు గారు సోమవారం రమ్మన్నారు.

ఆదివారం మధ్యాహ్నం, పాపని ఒళ్లో పెట్టుకుని ఫోన్‌లో ఒక జపాన్ సినిమా పెట్టాను. కాలేజీ స్నేహితురాలు ఎప్పుడో పంపింది. సునామీకి తుడిచిపెట్టుకుపోయిన రేవు ఊరు. ఒకాయన బురదలోంచి రేకులు, పైపులు, ఒక కారు తలుపు ఏరుకొచ్చి, వాటికి చిన్న మైకులు అంటించి, స్పీకర్లకి కలిపాడు. ఇనపరాడ్‌తో రేకుని గీకడం మొదలుపెట్టాడు. రాగం లేదు, తాళం లేదు. మా మిల్లూ, తుపాను గాలీ, లారీ బ్రేకూ కలిసి అరిచినట్టుంది. దీన్నీ సంగీతమే అంటారట. ఇళ్లు పోయినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఎవరూ చెవులు మూసుకోలేదు. ఒక ముసలామె మొహం మెల్లగా తేటపడింది. సముద్రం చేసిన చప్పుడు ఇన్నాళ్లూ ఆవిడ లోపలే ఉండిపోయిందేమో, ఇప్పుడది అందరికీ వినపడుతోందేమో అనిపించింది. వాల్యూమ్ చివరిదాకా పెంచాను. పాప నా చున్నీ నములుతోంది.

సినిమాలో ఆయన రేకు మీంచి రాడ్ ఎత్తేశాడు. చప్పుడు తెగిపోయింది.

పాప నమలడం ఆపి ఫోన్ వైపు చూసింది. తర్వాత నా మొహంలోకి.

వెనక్కి జరిపి మళ్లీ పెట్టాను. రొద ఉన్నంతసేపూ చున్నీ నములుతూనే ఉంది, ఆగగానే తలెత్తింది. అత్తయ్యగార్ని పిలిచాను. ఆవిడ పక్కన చతికిలబడి, ఫోన్ వదిలేసి పాప మొహమే చూశారు.

"ఇంకోసారి పెట్టమ్మా," అన్నారు.

మర్నాడు డాక్టరు గారి పరీక్షగదిలో చిన్న చప్పుడు కూడా లేదు. పాప ఏదో పోగొట్టుకున్నట్టు గోడలన్నీ కలియజూసింది. ఆయన పాప వెనక నుంచి చిన్న గంట కదిపారు. చటుక్కున తిరిగింది. మిగతా పరీక్షలు కూడా చేసి, "బాగా వింటోందండి. మిల్లు రొదకి అలవాటుపడి చప్పుళ్లని పట్టించుకోవట్లేదంతే," అన్నారు.

తిరిగొస్తుంటే ఆటో మా సందులోకి మళ్లింది. మిల్లు రొద మీదకొచ్చింది. పాప నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.